పావు పవర్ కళ్ళద్దాలు

కూతురికి ఏ విషయంలోనూ అడ్డు చెప్పని తండ్రి అని చూపుల మాస్టారికి బజారంతా పేరుంది. ఆ పేరు ఆయన తనకు తానే పెట్టుకున్నది. తన కళ్ళద్దాల షాపు పక్కనున్న టైలర్‌కీ, ఆ పక్కనున్న జిరాక్స్ షాపాయనకీ రోజూ టీ టైములో చెప్పగా చెప్పగా, వాళ్ళు వినగా వినగా, చివరికి నమ్మేశారు.

"ఆడపిల్లని నేనెప్పుడూ గిరి గీయలేదయ్యా. ఆకాశమంత ఎత్తుకి ఎదుగుతానన్నా నేను అడ్డం రాను," అనేవారు.

అమ్మాయి ఎనిమిదో తరగతి గట్టెక్కి, ఒక సాయంత్రం స్కూలు నుంచి ఓ కాగితం పట్టుకొచ్చి, సరిగ్గా ఆ ఆకాశాన్నే అడిగింది.

హైస్కూల్లో కొత్తగా విమానయానం కోర్సు పెట్టారట. తొమ్మిది, పది తరగతుల్లో మామూలు చదువుతో పాటు వారానికి ఆరు పీరియడ్లు. విమానం ఎలా ఎగురుతుంది, ఎందుకు ఎగురుతుంది, ఎగరకపోతే ఎవర్ని తిట్టాలి, అన్నీ నేర్పుతారట. ఆ పైన చదువుకుంటే పైలట్ కావచ్చు, మెకానిక్ కావచ్చు, టవర్లో కూర్చుని విమానాలకి దారి చెప్పొచ్చు. కావలసినవి రెండే. అమ్మదో నాన్నదో సంతకం, కంటిచూపు సర్టిఫికెట్.

మాస్టారి సంగతి ఇక్కడ ఒకటి చెప్పుకోవాలి. ఆయనకి ఎత్తంటే పడదు. పై అరలో ఉన్న ఫ్రేము కావాలని ఎవరైనా అడిగితే, స్టూలెక్కి తీయడానికి బదులు ఆ ఫ్రేముకి కాలం చెల్లిందని అరగంట నచ్చజెప్పి పంపేవారు. డాబా మీద బట్టలు ఆరేయమంటే, పిట్టగోడ వైపు పోకుండా తాడు మధ్యలోనే నిలబడి, ఇంటిల్లిపాది బట్టలూ ఒకదాని మీద ఒకటి వేసి దిగొచ్చేవారు. ఈ భయం సంగతి పదహారేళ్ళుగా ఆయన భార్యకి తెలుసు. ఆవిడకి తెలుసని ఆయనకి తెలియదు.

"మంచి కోర్సేనమ్మా. ఆలోచిద్దాం," అన్నారు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

"అడ్డు చెప్పనన్నావుగా నాన్నా."

"అడ్డు చెప్పడం వేరు, ఆలోచించడం వేరు."

భార్య పోస్టాఫీసులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. రోజుకి రెండొందల మంది మాటలు విని, అందులో పనికొచ్చేది ఒక్కటే పట్టుకునే అలవాటు. "నిదానంగా ఆలోచించండి. చాలా రోజులైంది కదా, ఒక్కసారిగా మొదలుపెడితే బెణుకుతుంది," అంది.

మర్నాడు షాపులో కూర్చుని మాస్టారు నిజంగానే ఆలోచించారు. వద్దంటే బజార్లో పరువు పోతుంది. సరేనంటే ప్రాణం పోతుంది, కూతురిది కాదు, తనదే. అలా అటూ ఇటూ ఊగుతుండగా ఆయనకో సంగతి తట్టింది. కళ్ళద్దాలున్నవాళ్ళని విమానాల దరిదాపులకి రానివ్వరు. ఈ మాట ఎక్కడ విన్నారో గుర్తులేదు కానీ ఇరవై ఏళ్ళుగా నమ్ముతున్నారు కాబట్టి నిజమే అయ్యుండాలి.

అంటే తాను అడ్డు చెప్పనక్కర్లేదు. ఆ పని కూతురి కళ్ళే చూసుకుంటాయి. పాము చావాలి, కర్ర విరగకూడదు.

సాయంత్రం అమ్మాయిని షాపుకి పిలిచి, చార్టుకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు.

"పై వరస చదువు తల్లీ."

చదివింది. దాని కింది వరస చదివింది. చీమల బారులాంటి ఆఖరి వరసా చదివింది. ఆ కింద చార్టు అచ్చేసిన ప్రెస్సు పేరు, ఫోన్ నంబరుతో సహా చదివింది.

"అది నేనడగలేదు," అన్నారు మాస్టారు.

"కనబడింది కదాని చదివాను."

"చదివావులే. కానీ కష్టపడి చదివావు."

"కష్టపడలేదు నాన్నా."

"కష్టపడుతున్నట్టు నీకు తెలియదు. ఈ లోపం లక్షణమే అది."

అప్పుడు ఇరవై ఏళ్ళ వృత్తిలో ఎన్నడూ చేయని పని చేశారాయన. పరీక్ష ఫ్రేము అమ్మాయి ముక్కు మీద పెట్టి, ఆమె కంటికి పొసగని అద్దమొకటి అందులోకి జారవిడిచారు. చార్టు మీద అక్షరాలన్నీ వానలో తడిసిన ఉత్తరంలా అలుక్కుపోయాయి.

"ఇప్పుడు చదువు."

అమ్మాయి చాలాసేపు చూసింది. "మసగ్గా ఉంది," అంది చిన్న గొంతుతో.

ఆ గొంతు విని మాస్టారు అద్దం తీసేయబోయారు. అయినా వెనక్కి తగ్గలేదు. తప్పు చేసేటప్పుడు మనిషికి ఎక్కడలేని పట్టుదల వస్తుంది.

"పావు పవర్. భయపడాల్సిందేం లేదు," అని, సాదా గాజు బిగించిన ఫ్రేమొకటి తెచ్చి కూతురికి పెట్టారు. ముద్దుగానే ఉంది.

ఇంట్లో భార్య ఆ కళ్ళద్దాలని చూసి చేతిలో గరిట కింద పెట్టింది.

"దీనికి పవరేమిటండీ? వీధి మలుపులో బస్సు నంబరు నాకంటే ముందు చదువుతుంది."

"దూరం బాగానే ఉంది. దగ్గరా బాగానే ఉంది. మధ్యలోనే తేడా."

"మధ్యలో అంటే ఎక్కడ?"

"చెప్తే నీకర్థం కాదు. వంశపారంపర్యం. మీ వైపు నుంచి వచ్చింది. మీ నాన్నగారికి చత్వారం లేదూ?"

"మా నాన్నకి డెబ్బై ఏళ్ళు."

"అదేగా నేను చెప్పేది. ముందు పెద్దవాళ్ళకొస్తుంది, తర్వాత చిన్నవాళ్ళకొస్తుంది."

భార్య ఏదో అనబోయి ఆగింది. ఆవిడ ఒక మాట ఆపిందంటే పారేసిందని కాదు, దాచిపెట్టిందని.

మర్నాడు అమ్మాయి స్కూలు నుంచి ఏడుస్తూ వస్తుందనీ, ఓదార్చాలనీ మాస్టారు పెందలాడే షాపు మూసి ఇంటికొచ్చి కూర్చున్నారు. ఏమని ఓదార్చాలో కూడా సిద్ధం చేసుకున్నారు. అమ్మాయి గంతులేసుకుంటూ వచ్చింది.

"నాన్నా, కళ్ళద్దాలున్నా ఫర్వాలేదట. పెట్టుకున్నాక సరిగ్గా కనబడితే చాలట. పైలట్లలో కూడా బోలెడు మంది పెట్టుకుంటారట. మా మేడమ్ పెట్టుకుంటుంది కదా."

ఆ కోర్సు చెప్పే ఆవిడ ఇంతకుముందు విమానాల మరమ్మతు పనిలో ఉండేదట. పిల్లలు ఇంజన్ మేడమ్ అంటారు.

"అలాగా," అన్నారు మాస్టారు. ఇరవై ఏళ్ళ నమ్మకం కూలిపోతే ఆ మాత్రం చప్పుడే వచ్చింది.

"నిన్ను మెచ్చుకుంది కూడా. పావు పవర్ పట్టుకున్నారంటే మీ నాన్నగారి చెయ్యి చాలా నిక్కచ్చి, మన క్లాసులో ముప్పై రెండు మందికీ ఆయన చేతే పరీక్ష చేయిద్దాం అంది. నా సర్టిఫికెట్ మాత్రం ముందు పంపమంది. స్టాంపేసి, సంతకం పెట్టి."

ఇదొకటి మాస్టారు అనుకోలేదు. నోటితో ఆడిన అబద్ధం గాలికి పోతుంది, స్టాంపేసిన అబద్ధం ఫైల్లోకి పోతుంది. "స్టాంపు ప్యాడ్ ఎండిపోయిందమ్మా," అన్నారు. ఆ రోజే కాదు, ఆ వారమంతా అదే అన్నారు.

మూడో రోజు భార్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, ఆ పావు పవర్ మా వైపు నుంచి వచ్చిందన్నారు కదా."

"అన్నాను."

"మా నాన్నకీ దీనికీ మధ్యలో నేనున్నాను. నన్నేమీ అనకుండా నా మీంచి దూకి వెళ్ళిందా?"

జవాబు దొరకని చోట మాస్టారు కళ్ళద్దాలు పెట్టేవారు. భార్యకీ ఒక జత సాదా గాజు ఫ్రేము వచ్చింది.

ఆ పూట నుంచి ఆవిడకి ఇంట్లో ఏదీ సరిగ్గా కనబడటం మానేసింది. చొక్కా ముందు వైపే ఇస్త్రీ చేసి, వెనక వైపొకటుందని గమనించలేదంది. ఊడిన గుండీ కుట్టమంటే జేబు మూతపడేలా కుట్టింది. కాఫీలో ఉప్పు పడింది. రెండో రోజు చక్కెర డబ్బా మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించారు మాస్టారు. ఆ చీటీ కాఫీలో పడింది.

ఒక మధ్యాహ్నం షాపులో భోజనానికి కూర్చుని డబ్బా మూత తీస్తే లోపల బట్టల సబ్బు ఉంది.

"ఇవాళ తేలిగ్గా తింటున్నట్టున్నారు మాస్టారూ," అన్నాడు టైలర్ తొంగి చూసి.

వారం తిరిగేసరికి వంట ఆయనదే, గిన్నెలు ఆయనవే, ఇస్త్రీ ఆయనదే. భార్య సోఫాలో కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుంటూ, దుమ్ము ఎక్కడుందో మాత్రం తడుముకోకుండా చెప్పేది.

"మరి పోస్టాఫీసులో పని ఎలా చేస్తున్నావే?" అని అడిగారు ఓ రోజు, చేతులకి సబ్బు నురగతో.

"అక్కడ ఇబ్బంది లేదండీ. దగ్గర బాగుంది, దూరం బాగుంది. ఇల్లే మధ్యలో పడింది."

ఇంతవరకూ ఇంటి గొడవే. నాలుగు గోడల మధ్య మనిషి ఎన్ని గిన్నెలైనా తోమొచ్చు. అసలు దెబ్బ షాపులో తగిలింది.

ఆ శనివారం షాపు తెరవగానే రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చారు. పన్నెండేళ్ళుగా ఈ షాపు తప్ప మరో షాపు గడప తొక్కని మనిషి. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇది నిజంగా నాకవసరమా?" అని అడిగారు.

"అదేం మాటండీ? అవి లేకపోతే మీకు గోడ కనబడదు."

"మీ అమ్మాయి విషయంలోనూ అలాగే అన్నారట కదా."

వెనకే ఇంకో ఇద్దరొచ్చారు. వాళ్ళ వెనక పూలమొక్కలు అమ్మే ముసలావిడ. "నాయనా, నాకు కనబడటం లేదని నువ్వే చెప్పావు. ఇప్పుడు కనబడుతోందో లేదో కూడా నువ్వే చెప్పి పుణ్యం కట్టుకో," అంది.

జరిగింది తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. అమ్మాయి రెండ్రోజుల కింద ఎదురుగా ఉన్న ఇంకో కళ్ళద్దాల షాపుకి వెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకుంది. ఎదురు షాపాయన మర్యాదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "పిల్ల కళ్ళు ముత్యాల్లా ఉన్నాయండీ. పాపం మాస్టారు, వయసు మీదపడుతోంది కదా," అని మాత్రం అన్నాడు. అడిగినవాళ్ళతో అన్నాడు, అడగనివాళ్ళతోనూ అన్నాడు.

వచ్చినవాళ్ళకి మళ్ళీ రమ్మని చెప్పి, మాస్టారు పట్టపగలే షట్టరు దించి ఇంటికొచ్చారు. భార్యకి ఆ రోజు సెలవు. అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని అట్టముక్కతో విమానం రెక్క కోస్తోంది. ముక్కు మీద కళ్ళద్దాలు లేవు.

"ఎదురు షాపుకి ఎందుకు వెళ్ళావు?" అన్నారు, కోపం తెచ్చుకుందామని చూస్తూ.

"మా మేడమ్ చెప్పింది నాన్నా. విమానంలో ఒక మీటరు చూపించిందని గుడ్డిగా నమ్మకూడదట. ఇంకో మీటరుతో సరిచూసుకోవాలట."

"నేను మీటర్నా?"

"మొదటి మీటరువి."

భార్య వంటింట్లోంచి వచ్చి, తన కళ్ళద్దాలు తీసి దినపత్రిక మీద పెట్టి, అటూ ఇటూ కదిపింది. "పవరున్న అద్దం కదిపితే కింద అక్షరాలు కదలాలటండీ. ఇది కళ్ళద్దాలు వచ్చిన మూడో రోజే అమ్మాయి క్లాసులో చేసి చూపించారట. చూడండి, రాయిలా నిలబడ్డాయి. ఇరవై ఏళ్ళుగా మీ షాపులో మీరు రోజూ చేసే పని ఇదే కదా."

మాస్టారు అక్షరాల వంక చూశారు. అవి కదల్లేదు.

"అయితే మూడో రోజు నుంచీ నీకు తెలుసు."

"తెలుసు."

"ఉప్పు కాఫీ కూడా తెలిసే ఇచ్చావు."

"పావు చెంచానే వేశాను."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఇప్పుడు మీ ముందు రెండే దారులున్నాయండీ. మీకు చూపు పరీక్ష చేయడం రాదని బజారంతా అనుకోవాలి. లేదా కూతురికి అబద్ధం చెప్పారని అనుకోవాలి. మూర్ఖుడో, అబద్ధాలకోరో, ఏదో ఒకటి ఎంచుకోండి. రెండూ కాదంటే కుదరదు."

మాస్టారు రెండూ బేరీజు వేసి చూశారు. రెంటికీ తగిన అర్హతలు ఉన్నట్టే అనిపించింది.

"మొదటి రెండు రోజులు నాకు నిజంగా భయమేసింది నాన్నా," అంది అమ్మాయి, అట్టముక్క మీంచి తలెత్తకుండా. "కళ్ళు పోతాయేమో అనుకున్నాను. పడుకునేముందు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, కిటికీ ఊచలు లెక్కపెట్టేదాన్ని."

అప్పటిదాకా మాస్టారికి తన పరువు, తన షాపు, తన గిన్నెలు ఇవే కనబడుతున్నాయి. ఆ ఊచల మాట విన్నాక అవన్నీ ఎక్కడికో పోయాయి. కుర్చీలో కూలబడి, "నాకు ఎత్తంటే భయమే తల్లీ," అన్నారు. "నువ్వు పైనెక్కడో ఉంటే నేను కింద నిలబడలేను. అది చెప్పుకోవడానికి సిగ్గేసింది. నీ కళ్ళ మీదకి తోసేశాను."

"ఎత్తంటే భయమని నాకెప్పుడో తెలుసు," అంది భార్య.

"ఎప్పటినుంచి?"

"మీరు బట్టలారేసిన మొదటి రోజు నుంచి. అవి మూడు రోజులు ఆరలేదు."

మాస్టారు తిరిగి షాపు తెరిచారు. హెడ్మాస్టారు టైలర్ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. పూలమొక్కల ముసలావిడ కూడా కదల్లేదు. అందరూ వినేలా మాస్టారు చెప్పారు: "కళ్ళు పరీక్ష చేయడం నాకు బాగా వచ్చండీ. అబద్ధమాడటమే రాదు. అందుకే ఇంత త్వరగా దొరికిపోయాను. పిల్లని విమానాల కోర్సులో చేర్చడానికి భయపడి ఆడాను."

టైలర్ కత్తెర ఆపాడు. జిరాక్స్ షాపాయన అడ్డు చెప్పని తండ్రి వైపు జాలిగా చూశాడు. హెడ్మాస్టారు కళ్ళద్దాలు తిరిగి పెట్టుకున్నారు. "అబద్ధమాడేవాడికి కళ్ళు చూపించుకోవచ్చు. పని రానివాడికి చూపించుకోలేం. నా పవర్ ఏమైనా పెరిగిందేమో చూడండి," అని వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

సోమవారం మాస్టారు స్కూలుకి వెళ్ళారు. ఇంజన్ మేడమ్ షెడ్డులో ఉందన్నారు. షెడ్డులో నిజంగానే ఒక విమానం ఉంది. చిన్నది, పాతది, రెక్కలున్నాయి. దాన్ని చూడగానే ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

మేడమ్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పేశారు, అద్దం మార్చిన సంగతితో సహా. ఆవిడ నవ్వలేదు. ఎదుటివాళ్ళు తప్పు ఒప్పుకుంటుంటే నవ్వకపోవడం ఆవిడకి అలవాటులా ఉంది.

"ఇది ఎప్పుడెగురుతుందండీ?" అని అడిగారు చివరికి, విమానం వైపు చెయ్యి చూపించి.

"ఇదా? ఇది ఎగరదు. ఇంజన్ లేదు. పిల్లలు విప్పి బిగించడం నేర్చుకోవడానికి పెట్టాం."

"మరి పిల్లలెప్పుడు ఎగురుతారు?"

"ఈ రెండేళ్ళూ ఎవరూ నేల వదలరండీ. లెక్కలు, వాతావరణం, మ్యాపులు, మేకులు, స్క్రూలు. కాగితంలో అంతా రాశాం కదా. మీరు చదవలేదా?"

కళ్ళద్దాల షాపాయన్ని ఆ మాట అడిగితే ఏమని చెబుతాడు. మాస్టారు జేబులోంచి నలిగిపోయిన కాగితం తీశారు. "సంతకం పెట్టడం ఆలస్యమైంది. ఇప్పుడు పెడతాను."

"సంతకం మొదటి రోజే వచ్చిందండీ. ఇంకో కాగితం అడిగి తీసుకుని, మీ ఆవిడ పెట్టి పంపారు. మీది దాచుకోండి. ఇక రావలసింది చూపు సర్టిఫికెట్టే. ముప్పై రెండు మందివీ. మీరే చేయాలి. మీకంటే జాగ్రత్తగా చేసేవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో ఉండరు."

గురువారం షెడ్డు గోడకి చార్టు కట్టారు. ఒక్కొక్క పిల్లా, ఒక్కొక్క పిల్లాడూ వచ్చి గీత మీద నిలబడి చదివారు. మాస్టారు ప్రతి కన్నూ రెండుసార్లు చూశారు. అవతల చార్టు పక్కనే గోడకి అంటించిన తెల్ల అట్ట మీద, పేరుకి ఎదురుగా, లావుపాటి పెన్నుతో ఫలితం రాశారు. ఇద్దరికి నిజంగానే కళ్ళద్దాలు కావాలి. ఆ ఇద్దరికీ ఇన్నాళ్ళుగా తెలియదు. వాళ్ళలో ఒకమ్మాయి పరీక్ష అద్దాల్లోంచి చూసి, బయట చెట్టుకి విడివిడిగా ఆకులున్నాయని ఆశ్చర్యపోయింది. మాస్టారికి చాలా రోజుల తర్వాత తన పని మీద తనకే గౌరవం కలిగింది.

అందరికంటే ఆఖర్న ఆయన కూతురు వచ్చి గీత మీద నిలబడింది.

"నాన్నా, చదువయ్యాక నేను నిజంగా ఎగురుతానేమో," అంది ఆయనకి మాత్రమే వినబడేలా.

"అప్పుడు భయపడతాను."

"భయపడు. చెప్పి భయపడు."

"సరే. చదువు."

ఆఖరి వరస దాకా చదివింది. మాస్టారు చాలన్నారు. అట్ట దగ్గరికి నడిచి, గోడ వైపు తిరిగి, స్టాంపు లేకపోయినా స్టాంపంత శ్రద్ధగా కూతురి పేరుకి ఎదురుగా రాసి, పక్కకి తప్పుకున్నారు.

షెడ్డు అవతలి చివర నుంచి, గీత మీంచి కాలు కదపకుండా, అమ్మాయి అంది:

"నాన్నా, 'దృష్టి'కి ట వత్తు మర్చిపోయావు."

ముప్పై ఒక్క మందీ అట్ట వైపు తిరిగారు. ఇంజన్ మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని, దగ్గరికి వెళ్ళి చూసింది. నిజమే, వత్తు లేదు.

మాస్టారు పెన్ను మూత తీసి, దిద్దుకున్నారు.